చోటు చాలకపోతే...

పట్టా, పరీక్ష మార్కులు, బ్యాంకు ఖాతా... మన బతుకు లెక్కలన్నీ ఎక్కడో ఉన్న సర్వర్లలో భద్రంగా ఉన్నాయనుకుంటాం. వాటికి ఎంత చోటు కావాలో ముందే లెక్కగట్టేవాళ్లు ఉంటారు. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2023లో జపాన్‌లో ఓసారి, 2025లో దక్షిణ కొరియాలో ఓసారి తెలిసొచ్చింది.

జగిత్యాల దగ్గర ఓ పల్లె. పంట రుణం కోసం రైతు బ్యాంకుకు వెళ్తాడు. చేతిలో పాసుపుస్తకం. బ్యాంకు ఉద్యోగి పుస్తకం అట్టను ఓసారి చూసి పక్కన పెట్టేస్తాడు. కంప్యూటర్‌లో వివరాలు కొడతాడు. తెర మీద పేరొస్తే అప్పు పుడుతుంది. రాకపోతే చేతిలో పుస్తకం ఉన్నా లాభం లేదు.

కోరుట్లలో ఓ ఇల్లాలు. భర్త దుబాయ్‌లో ఉంటాడు. నెల మొదట్లో ఫోను టింగుమంటుంది... డబ్బు పడిందని. ఆమె నోటు ముట్టుకోదు. అంకె చూసి నమ్ముతుంది.

సిరిసిల్లలో ఓ ఆసామి. నాలుగు మరమగ్గాల వాడు. కరెంటు బిల్లు కట్టిన రసీదు, యజమాని వేసిన కూలి లెక్క, పెద్దమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు... అన్నీ ఫోన్‌లోనే.

ముగ్గురిదీ ఒకటే ధీమా. 'కంప్యూటర్‌లో ఉంది కదా!' అని.

ఇంతకీ కంప్యూటర్‌లో అంటే ఎక్కడ? బ్యాంకు బల్ల మీది పెట్టెలో కాదు. అది కిటికీ లాంటిది. సరుకంతా ఎక్కడో దూరాన, ఏసీ గదుల్లో, బీరువాల్లా నిలబెట్టిన సర్వర్లలో ఉంటుంది. ఆ గదుల్నే డేటా సెంటర్లంటారు. తెలంగాణ భూముల లెక్కలే చూడండి. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. 2024 చివర్లో దాని నిర్వహణ కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్‌ఐసీ చేతికి వెళ్లింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది, నిర్వహించేవాళ్లు మారారు. రైతు పేరు మాత్రం ఎక్కడో ఓ డిస్కు మీద చెరగకుండా ఉండాల్సిందే. ఎన్‌ఐసీకి ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో జాతీయ డేటా సెంటర్లున్నాయి.

అలాంటి చోట్ల పనిచేసే ఇంజినీర్లను రాత్రిళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటుంది. వినడానికి చాలా చిన్నది. 'ఎంత చోటు కావాలి?'

ఒక ఇల్లు... పది వాటాలు

ఒకప్పుడు ఒక్కో పనికి ఒక్కో సర్వర్ కొనేవారు. జీతాలకొకటి, హాజరుకొకటి, ఈమెయిల్‌కొకటి. చాలావాటికి రోజులో ఎక్కువసేపు పనే ఉండేది కాదు. పెద్ద బంగళాలో ఒక్కరే కాపురమున్నట్లు. దీనికి విరుగుడే వర్చువల్ సర్వర్. ఒకే ఇంటిని పది వాటాలు చేసి అద్దెకిచ్చినట్లు, ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో పది సర్వర్లుగా విడదీస్తారు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. పక్క వాటాలో ఎవరున్నారో కూడా తెలియదు. కొత్త విద్యేం కాదిది. ఐబీఎం 1972లోనే పెద్ద కంప్యూటర్ల కోసం 'వీఎం/370' పేరుతో చేసి చూపించింది. 1998లో పుట్టిన వీఎంవేర్ దాన్ని మామూలు సర్వర్ల దాకా తెచ్చింది.

అలాంటి యంత్రాల్ని మూడో నాలుగో కలిపితే... అదే క్లస్టర్. ఒక యంత్రం చెడిపోతే అందులోని వాటాదార్లంతా నిమిషాల్లో పక్క యంత్రానికి మారిపోతారు. బయటివాళ్లకు పెద్దగా తెలియను కూడా తెలియదు. అయితే మారాలంటే ఒక షరతుంది. మనిషి మారినా వాళ్ల వడ్లు అందుబాటులో ఉండాలి కదా! అందుకే ధాన్యమంతా ఒక ఉమ్మడి గుమ్మిలో పోస్తారు. అన్ని యంత్రాలూ అందులోంచే తీసుకుంటాయి, అందులోనే పోస్తాయి. ఆ ఉమ్మడి గుమ్మి ఎంతుండాలన్నదే అసలు లెక్క. విడివిడి సర్వర్లున్న కాలంలో ఒకదాని డిస్కు నిండితే ఆ ఒక్క పనే ఆగేది. ఇప్పుడు గుమ్మి నిండితే ఇంటిల్లిపాదీ పస్తే.

మగ్గం కంపెనీకే...

ఇదేదో ఊహించి చెబుతున్న భయం కాదు. 2023 ఆగస్టు 29. జపాన్‌లో టయోటా కార్ల కంపెనీకి చెందిన 14 కర్మాగారాలూ ఆగిపోయాయి. మొత్తం 28 ఉత్పత్తి లైన్లు. భూకంపం రాలేదు, సమ్మె జరగలేదు. హ్యాకర్ల పనీ కాదు. సెప్టెంబరు 6న కంపెనీయే అసలు సంగతి బయటపెట్టింది. విడిభాగాల ఆర్డర్లు నడిపే సర్వర్లకు ఆగస్టు 27న మరమ్మతు చేశారు. డేటాబేస్‌లో పాత సమాచారాన్ని తీసేసి, మిగిలినదాన్ని సర్దే పని అది. మధ్యలో డిస్కులో చోటు చాలలేదు. సిస్టమ్ ఆగింది. ఆపత్కాలానికి మరో సర్వర్ ఉంది. కానీ అదీ ఇదే ఏర్పాటు మీద నడుస్తోంది కాబట్టి అక్కడా అదే గతి. సమాచారాన్ని ఇంకా పెద్ద సర్వర్‌లోకి మార్చాకే మర్నాడు కార్లు కదిలాయి.

సిరిసిల్ల వాళ్లకు ఇందులో ఇంకో ముచ్చట ఉంది. టయోటా మొదట కార్ల కంపెనీ కాదు... మగ్గాల కుటుంబం. సాకిచి టయోడా అనే ఆయన 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గానికి ఓ గొప్పదనం ఉంది. పోగు తెగితే చాలు, తనంతట తానే ఆగిపోతుంది. చెడ్డ గుడ్డ నేయదు. ఆ మగ్గం హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. ఆ కుటుంబమే 1937లో కార్ల కంపెనీ పెట్టింది. పోగు తెగితే ఆగడమెలాగో ప్రపంచానికి నేర్పిన ఇంటి వారసులు... డిస్కు నిండబోతోందని ముందే కనిపెట్టలేకపోయారు!

రాసింది 112... ఉన్నది 80

పెట్టె మీద రాసిన అంకెకూ నిజంగా వాడుకోగలిగే చోటుకూ ఎంత తేడా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రీరాంసాగర్‌ను చూస్తే చాలు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నీళ్లే కాకతీయ కాలువ మీదుగా జగిత్యాల వైపు పొలాలకు వస్తాయి. వరదకాలువ ద్వారా సిరిసిల్ల జిల్లాలోని మధ్యమానేరుకు చేరేదీ ఆ నీళ్లే. మొదట కట్టినప్పుడు దాని సామర్థ్యం 112 టీఎంసీలు. గోదావరి ఏటా మోసుకొచ్చిన పూడికతో తర్వాతి సర్వేల్లో అది 90కి దిగింది. ఇటీవలి సర్వేలో 80.5 టీఎంసీలని తేలింది. కట్ట అంతే ఎత్తు, గేట్లు అవే, పూర్తిస్థాయి నీటిమట్టం అదే 1091 అడుగులు. లోపల చోటే తగ్గింది.

సర్వర్ల గుమ్మిదీ ఇదే కథ. కాకపోతే అక్కడ తరుగు మొదటి రోజు నుంచే ఉంటుంది. ఎలాగో లెక్క వేసి చూద్దాం. ఓ జిల్లా స్థాయి సంస్థ అనుకోండి. ఆసుపత్రో, కాలేజీయో, సహకార బ్యాంకో ఏదైనా కావొచ్చు. నాలుగు యంత్రాల క్లస్టర్ పెట్టాలనుకున్నారు. అందులో 60 వర్చువల్ సర్వర్లు. ఈ రోజుకు వాటిలో నిజంగా ఉన్న సమాచారం 7 టీబీలు. ఒక టీబీ అంటే దాదాపు వెయ్యి జీబీలు. మరి ఎన్ని టీబీల డిస్కులు కొనాలి? 'పదికి కొనేస్తే పోలా... మూడు మిగుల్తాయి' అంటారు ఎవరైనా.

సమాచారం ఏడాదికి 25 శాతం చొప్పున పెరుగుతుందనుకుందాం. అప్పుమీద చక్రవడ్డీలాగే ఇదీ పెరిగినదాని మీద పెరుగుతుంది. అయిదేళ్లు తిరిగేసరికి 7 కాస్తా 21.4 అవుతుంది. మరమ్మతులప్పుడు తీసే తాత్కాలిక ప్రతులకు ఇంకో 15 శాతం వేసుకుంటే 24.6.

డిస్కు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ప్రతి సమాచారాన్నీ రెండు వేర్వేరు యంత్రాల్లో రెండు ప్రతులుగా రాస్తారు. అంటే 24.6 రెండింతలై 49.2. ఇక నాలుగు యంత్రాల్లో ఒకటి కూలిందనుకోండి. అప్పుడు 49.2 మొత్తాన్నీ మిగిలిన మూడే మోయాలి. మోసినా అంచుదాకా నిండకూడదు, పదో వంతు ఖాళీ ఉండాలి. ఆ లెక్కన ఒక్కో యంత్రంలో 18.2 చొప్పున ఉండాలి. నాలుగింటికీ కలిపి 73.

అయిపోలేదు. డిస్కులు తయారుచేసేవాళ్లు వెయ్యిని వెయ్యిగానే లెక్కపెడతారు. కంప్యూటర్ తన లెక్కలో 1,024ను వెయ్యి కింద జమకడుతుంది. చిన్న అంకెల్లో ఇది పట్టించుకోదగ్గ తేడా కాదు. టీబీల దాకా వచ్చేసరికి 9 శాతమవుతుంది. 10 టీబీలని రాసిన డిస్కును తగిలిస్తే చాలా కంప్యూటర్లు 9.1 అనే చూపిస్తాయి. దుకాణదారు మోసమేమీ లేదు, తూకంరాళ్లు వేరు. ఆ తేడా కూడా కలుపుకుంటే, కొనాల్సిన డిస్కుల మీద రాసి ఉండాల్సిన మొత్తం... 80!

ఏడుకు ఎనభై. ఈ అంకె పట్టుకుని వెళ్తే పైఅధికారి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 'ఏడుంటే ఎనభై ఎందుకయ్యా... కమీషన్ ఏమైనా ఉందా?' అని అడగడమూ సహజమే. ఇంజినీరుకు అసలు పరీక్ష సర్వర్ గదిలో ఉండదు, ఆ బల్ల ముందే ఉంటుంది. చాలాచోట్ల అక్కడే అంకె సగానికి కోతపడుతుంది. మూడో ఏట డిస్కులు నిండుతాయి. అప్పటికి కోసినవారు బదిలీ అయి ఉంటారు.

దీనికో మధ్యేమార్గం లేకపోలేదు. అయిదేళ్ల సరుకూ మొదటి రోజే కొనక్కర్లేదు. ఇదే లెక్క మూడేళ్లకు వేస్తే 51 టీబీలతో సరిపోతుంది. మిగతాదానికి యంత్రాల్లో ఖాళీ గళ్లు ఉంచుకుంటే చాలు. ఇల్లు కట్టేటప్పుడు పైఅంతస్తు కోసం పిల్లర్లకు ఇనుప చువ్వలు వదిలేసినట్లు. డిస్కుల ధరలు కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి కాబట్టి అదే లాభమని అందరూ చెప్పేవారు. 2025 చివర్లో మాత్రం ఆ నమ్మకానికీ దెబ్బ తగిలింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి.

వెయ్యి శుభలేఖలు... ఏడొందల విస్తళ్లు

చోటు పొదుపు చేసే చిట్కా ఒకటుంది. దాన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు. పేరు కొత్తగానీ పద్ధతి మన పెళ్లిళ్లదే. వెయ్యి శుభలేఖలు పంచినవాళ్లు ఏడొందల మందికే వండిస్తారు. పిలిచినవాళ్లంతా రారని తెలుసు. అలాగే 60 వర్చువల్ సర్వర్లకు తలా 200 జీబీలు ఇస్తున్నామని మాటిస్తారు. మొత్తం 12 టీబీలు. నిజంగా వాడుతున్నది 7. ఆ మిగతా 5 ఉత్త మాటే. గుమ్మిలో దాని కోసం చోటు కేటాయించరు.

రోజులన్నీ బాగున్నంతకాలం ఇదెంతో లాభసాటి. వచ్చిన చిక్కల్లా అందరూ ఒకేసారి భోజనానికి వచ్చినప్పుడే. ఉమ్మడి గుమ్మిలో ఆఖరి గింజ కూడా అయిపోతే, 'నా 200లో ఇంకా వంద ఖాళీ ఉంది' అనుకుంటున్న సర్వర్ కూడా ఒక్క అక్షరం రాయలేక ఆగిపోతుంది. దాని తప్పేమీ ఉండదు. మాటలు ఎన్ని ఇచ్చారు, సరుకు ఎంతుంది అన్న రెండు అంకెల్నీ రోజూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లు మాత్రమే ఈ పద్ధతి జోలికి వెళ్లాలి.

ఇంకో పొదుపు ఉంది. అరవై సర్వర్లలోనూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటే దాన్ని అరవైసార్లు దాచడమెందుకు? ఒక్క ప్రతి ఉంచి, అందరికీ దాన్నే చూపిస్తారు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు సిరిసిల్లకు వచ్చినప్పుడు వేల చీరల అంచుకు ఒకే డిజైన్ సరిపోయినట్లే. అయితే ఫొటోలు, వీడియోలు, స్కానింగ్‌ల మీద ఈ పొదుపు పెద్దగా పారదు. ఒకదానిలా ఇంకొకటి ఉండదు మరి. 'మా యంత్రం అయిదింతలు కుదిస్తుంది' అని అమ్మేవాళ్లు చెప్పే అంకెల్ని మన దగ్గరున్న సరుకును బట్టే నమ్మాలి.

ఇక శ్రీరాంసాగర్‌లోలాగే ఇక్కడా పూడిక చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా మార్చేముందు 'స్నాప్‌షాట్' తీస్తారు. తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి. పనయ్యాక దాన్ని తీసేయాలి. మరిచిపోతే అప్పటి నుంచి జరిగే ప్రతి మార్పూ విడిగా పేరుకుంటూ పోతుంది. ఒక్క స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేరే చెబుతుంది. ఏళ్ల తరబడి ఉండిపోయేవీ ఉంటాయి. 'రెండు వారాల పరీక్ష కోసం' అని పెట్టించుకున్న సర్వర్లదీ అదే తీరు. అడిగినాయన ఉద్యోగం మారిపోతాడు. సర్వర్ మాత్రం ఎవరికీ అక్కర్లేకుండా తిరుగుతూనే ఉంటుంది. తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు... ఏమో, ఎవరికైనా పనికొస్తుందేమోనని!

పెరుగుదల ఎక్కడుంది?

ఏటా 25 శాతం అని పైన సులువుగా వేసేసుకున్నాం. అసలు కష్టమంతా ఆ అంకెలోనే ఉంది. గత ఏడాది ఎంత పెరిగిందో చూసి వచ్చే ఏడాదికి వేసేస్తే చాలదు. ఆసుపత్రినే తీసుకుందాం. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఓపీ చీటీల్ని మాత్రమే కంప్యూటర్‌లో ఎక్కించే ఆసుపత్రి ఉందనుకోండి. రోజుకు వెయ్యి మంది, ఒక్కొక్కరికి 5 కేబీల రాత. ఏడాదికంతా కలిపినా 2 జీబీలు దాటదు. పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. అదే ఆసుపత్రికి సీటీ స్కాన్ యంత్రం వచ్చిందనుకోండి. సీటీలో ఒక్కో ముక్క బొమ్మ సుమారు అర ఎంబీ. ఒకరికి 300 బొమ్మలు తీస్తే 150 ఎంబీలు. రోజుకు 20 మందంటే 3 జీబీలు. ఏడాదికి 1.1 టీబీలు! ఒక్క యంత్రం గుమ్మంలోకి రాగానే చోటు లెక్క వందల రెట్లు మారిపోయింది. స్కాన్ యంత్రానికి టెండరు పిలిచేవారు సర్వర్ గది వాళ్లకు ఒక్క మాట చెప్పారా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

పెరుగుదలకు కాలాలూ ఉంటాయి. కోరుట్లలాంటి ఊళ్లలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలకు ఇది బాగా తెలుసు. మంచి నాణ్యతతో 4కే వీడియో తీస్తే గంటకు 45 జీబీల దాకా తింటుంది. మూడు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే ఒక్క పెళ్లికి 810 జీబీలు. ముహూర్తాలు వరసపెట్టి వచ్చే నెలల్లో డిస్కులు పొంగుతాయి. మూఢం వస్తే ఊపిరి పీల్చుకుంటాయి. సగటు లెక్కతో డిస్కులు కొన్నవాడు సరిగ్గా మాఘమాసంలో దెబ్బతింటాడు. కాలేజీ సర్వర్లకు పరీక్షల కాలం, బ్యాంకులకు మార్చి నెలాఖరు... ఎవరి మాఘమాసం వాళ్లకుంటుంది.

గుమ్మి పెద్దదైతే చాలదు, దాని మూతి కూడా పెద్దదవ్వాలి. డ్యాం నిండుగా ఉన్నా తూము చిన్నదైతే కాలువ చివరి రైతుకు నీళ్లందవు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. సూది కదలికా కలుపుకుంటే చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని అది సెకనుకు 80 సార్లు మించి అందించలేదు. అరవై సర్వర్లు తలా 50 సార్లు అడిగితే సెకనుకు మూడు వేలు. అంటే కనీసం 38 డిస్కులు కావాలి... చోటు కోసం కాదు, వేగం కోసం. చోటు చూస్తే నాలుగైదు పెద్ద డిస్కులు చాలనిపిస్తుంది. కొనేస్తారు. పొద్దున పదింటికి అందరూ కంప్యూటర్లు తెరవగానే తెర మీద గుండ్రం తిరుగుతూ ఉంటుంది. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీలు ఒక్కొక్కటీ సెకనుకు వేలాదిసార్లు అందించగలవు. ఖరీదు ఎక్కువైనా వర్చువల్ సర్వర్లకు ఇప్పుడు ఎక్కువగా వాటినే వాడుతున్నది అందుకే.

858 టీబీలు బూడిద!

ఇంతవరకూ వేసిన లెక్కల్లో రెండో ప్రతి ఉంది కదా, ఇక భయమెందుకు? ఉంది. ఆ రెండో ప్రతి ఉన్నదీ అదే గదిలో!

2025 సెప్టెంబరు 26 రాత్రి. దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్. లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. చాలావాటిని వారాల తరబడి కష్టపడి తిరిగి నిలబెట్టారు. ఒక్కటి మాత్రం రాలేదు... ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే 'జీ-డ్రైవ్'. ఒక్కొక్కరికి 30 జీబీలు. దాదాపు 1.9 లక్షల మంది ఉద్యోగుల సమాచారం, మొత్తం 858 టీబీలు పోయాయి. ఒక శాఖలో అయితే దస్త్రాలన్నీ అందులోనే దాచాలని నియమం పెట్టారట. సొంత కంప్యూటర్‌లో కొంత ఉంచుకున్నవాళ్లకు అంతో ఇంతో దక్కింది!

బయట మరో ప్రతి ఎందుకు లేదంటే అధికారులు చెప్పిన కారణం ఒక్కటే. మరీ పెద్దది, అంత సామర్థ్యానికి బ్యాకప్ పెట్టడం వీలుపడలేదని. అంటే చోటు ఎంత కావాలని లెక్క వేసినవారు, దాన్ని కాపాడే చోటు ఎంత కావాలని వేయలేదు. ఏ దేశంలోనైనా ఇది ఎవరూ కావాలని చేసే తప్పు కాదు. మొదటి లెక్క టెండరులోకి ఎక్కుతుంది. రెండోది 'తర్వాత చూద్దాం' అనే కాగితం కిందికి పోతుంది.

ఒకే క్లస్టర్‌లోని రెండు ప్రతులు డిస్కు చెడిపోకుండా కాపాడతాయంతే. ఎవరైనా పొరపాటున ఒక ఫైలు తీసేస్తే రెండుచోట్లా ఒకేసారి పోతుంది. నిప్పంటుకుంటే రెండూ కలిసే కాలతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వాటిలో ఒకటి వేరే ఊళ్లో అంటారు. పైన వేసిన ఎనభైకి ఇది అదనం. పాతకాలపు టేపులు ఇప్పటికీ బతికున్నదీ ఇందుకే. వేగం ఉండదుగానీ, తీసి బీరువాలో పెడితే కరెంటు అక్కర్లేదు, హ్యాకర్‌కు అందదు.

అన్నీ దాచాలా అన్నది మరో ప్రశ్న. రోగుల రికార్డుల్ని వైద్యులు మూడేళ్లు ఉంచాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. భూమి కాగితాలకు అలాంటి గడువే లేదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం తెలంగాణ రైతులు ఇప్పటికీ కచేరీల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. డెబ్బై ఏళ్ల కిందట దాన్ని రాసిన పట్వారీ, మనవల కాలంలో కోర్టు మెట్లెక్కినప్పుడు కూడా ఇదే ఆధారమవుతుందని అనుకొని ఉండడు. కాగితం చెదలు పట్టకుంటే చాలు, దానంతట అదే మిగిలింది. డిస్కు అలా మిగలదు. అయిదారేళ్లకోసారి పాత యంత్రం నుంచి కొత్తదానికి మార్చుతూ ఉండాలి. ప్రతిసారీ కొత్త గుమ్మి పాతదానికన్నా పెద్దదవ్వాలి. 1954 నాటి పుటను 2054లో చూడాలంటే ఇప్పటి నుంచి కనీసం నాలుగైదు సార్లు ఎవరో ఒకరు ఈ లెక్క సరిగ్గా వేయాలి.

సరే, అన్నీ సరిగ్గా వేశారు. ఎప్పుడు కొత్త డిస్కులు అడగాలి? 80 శాతం నిండగానే గంట మోగేలా చాలాచోట్ల ఏర్పాటు ఉంటుంది. వినడానికి బాగానే ఉంది... ఇంకా అయిదో వంతు ఖాళీ ఉంది కదా అని. ప్రభుత్వ సంస్థలో ఫైలు కదిలి, మంజూరై, టెండరు పిలిచి, సరుకు వచ్చి, బిగించేదాకా ఎనిమిది నెలలు పట్టిందనుకోండి. ఏటా 25 శాతం పెరిగే సమాచారం ఆ ఎనిమిది నెలల్లో 80 నుంచి 93 శాతానికి చేరుతుంది. ఆ సమయంలో నాలుగు యంత్రాల్లో ఒకటి కూలితే మిగిలిన మూడూ మోయలేవు. 80 దగ్గర డిస్కులు చేతిలో ఉండాలంటే ఫైలు 69 శాతం దగ్గరే కదలాలి. అప్పటికి గుమ్మిలో దాదాపు మూడో వంతు ఖాళీయే కనిపిస్తుంటుంది. 'ఇంత ఖాళీ ఉండగా తొందరేమిటి?' అని ఫైలు మీద ఎవరో ఒకరు రాస్తారు.